తాలనుకుని తీసేసిన హీలియం

సూర్యుడి నుంచి ఎప్పుడూ గాలి వీస్తూనే ఉంటుంది. మన నెల్లూరు సముద్రపు గాలిలా చొక్కాలు ఎగరేయదు గానీ, సెకనుకు నాలుగైదు వందల కిలోమీటర్లు పరిగెత్తుతుంది. అందులో ముప్పాతికకు పైగా హైడ్రోజన్, కాస్త హీలియం. ఆ పాళ్లు కొలిచే పరికరాన్ని మా అక్క పదకొండేళ్లు కన్నబిడ్డలా సాకింది. అక్కంటే మా బృందానికి పెద్ద, కొడవలూరు రైతుబిడ్డ. ఆ పదకొండేళ్లలో ఆమె తాగిన టీ పెన్నలో పోసుంటే సంగం బ్యారేజీ గేట్లన్నీ ఎత్తాల్సి వచ్చేది.

అంతరిక్షం నుంచి మొదటి కొలతలు వచ్చిన రోజు, తెర మీది గ్రాఫులో రెండు కుప్పలు కనబడాలి. పెద్దది హైడ్రోజన్, దానికి కుడివైపు దూరంగా చిన్నది హీలియం. ఒక్కటే కనబడింది. హీలియం అందకపోతే పరికరం సగం చచ్చినట్టే. అక్కడికెళ్లి బాగుచేసే మెకానిక్కు భూమ్మీద ఇంకా పుట్టలేదు. గదిలో ఏసీ కూడా భయపడి ఆగిపోయినట్టే నాకు గుర్తు.

కొలతల్లోంచి చెత్త ఏరే ప్రోగ్రాం రాసింది నేను. అక్క నా వైపు తిరిగింది.

"ఏం ఏరినావబ్బా?"

"దూరంగా చిన్న కుప్ప పడితే తాలనుకుని తీసేయమని రాసినానక్కా."

మాది కోవూరు. కళ్లంలో తూర్పారబడితే గట్టి గింజ కాళ్ల దగ్గర పడుతుంది, తాలు గాలికి దూరం పోతుంది. నేను నడక నేర్చింది ఆ తాలు మీదే. కంప్యూటర్‌కూ అదే నేర్పాను.

అక్క తెర మీద కుడివైపు ఖాళీ చోట వేలు పెట్టింది. "ఈ గాలిలో అన్నీ ఒకే వేగంతో వస్తాయి. బరువుండేదానికే శక్తి ఎక్కువ, అదే దూరం పడతాది. అసలు కొలతలు పారబోసినావా, దాచినావా?"

దాచాను. ఆ ఒక్క బుద్ధి దేవుడిచ్చాడు. ప్రోగ్రాంలో ఆ ఒక్క వరుస కొట్టేసి మళ్లీ నడిపాను. తొందరలో రెండు సార్లు తప్పు మీట నొక్కానని వేరే చెప్పాలా! మూడోసారికి పెద్ద కుప్ప పక్కన చిన్న కుప్ప లేచి నిలబడింది. హిమాలయాలకు కూడా ఆ అందం లేదు.

అక్క కళ్లు తుడుచుకుని పెద్ద సారుకు ఫోన్ చేసింది. హీలియం వచ్చిందని చెప్పింది. ఆలస్యం ఎందుకైందని ఆయన అడిగినట్టున్నాడు.

"మావాడొకడు అడ్డం నిలబడుండినాడు సార్. పక్కకి జరిపినాం."

అప్పటికే నేను చక్రాలున్న ఆఫీసు కుర్చీలో గదంతా గిరగిరా తిరుగుతున్నాను.