మగ్గం నూనె, గునుగు పూలు

పదిహేనేళ్లు సూరత్‌లో మగ్గాలు నడిపినవాణ్ని. చప్పుడు వింటే చాలు, ఏ యంత్రానికి ఏం కావాలో తెలుస్తుందనే పొగరు నాకుండేది. సూరత్ పక్కనే కామ్‌రేజ్‌లో ఒక కాలనీకి తోటమాలిగా చేరాక కూడా అది నన్ను వదల్లేదు.

ఆ పొగరు సద్దుల బతుకమ్మ నాడు దిగింది. మన తెలంగాణ ఇళ్లు ఆ కాలనీలో ఆరే. ఆడవాళ్లు మొదటిసారి అక్కడి మైదానంలోనే ఆడుకుంటామని అడిగితే, సాయంత్రానికల్లా గడ్డి కోసి ఉంటే సరేనన్నాడు కమిటీ పెద్దాయన. నేనున్నాను కదా అని నా భార్యకు మాటిచ్చాను.

గడ్డి కోసే మిషన్‌కు పెట్రోలులో టూటీ ఆయిల్ కలపాలి. అది అయిపోయింది. ఇంట్లో మగ్గాలకు వేసే నూనె సీసా ఉంది. నూనె ఏదైతేనేం అనుకుని, వానలకు ముందు తెచ్చి మూత సరిగా బిగించని డబ్బాలో ఉంచిన పెట్రోలులో అదే కలిపాను.

మిషన్ తెల్లటి పొగ కక్కుతూ మైదానమంతా కోసింది. గోడ పక్క పొదల దగ్గరికి రాగానే దగ్గి ఆగిపోయింది. తాడు లాగి లాగి భుజం పట్టేసింది. నిజం చెప్పాలంటే ఏడుపొచ్చింది.

పొగ చూసి నా భార్య పరుగెత్తుకొచ్చింది. "ఏందయ్యా, గిట్లయింది?"

"టూటీ లేదని మగ్గం నూనె పోసిన."

"మగ్గానిది దీనికి పోస్తరా? మొండోడు రాజుకన్న బలవంతుడని ఊకెనే అన్నరా!" తిడుతూనే గోడ వైపు చూసి ఆగిపోయింది. "అగో! గునుగు పూలు!"

గునుగు లేని బతుకమ్మేం బతుకమ్మ అని పొద్దున్నుంచి మార్కెట్లన్నీ తిరిగి, వట్టి బంతిపూలతో వచ్చింది పాపం. మిషన్ ఇంకో నిమిషం నడిచుంటే ఆ పూలన్నీ నేలపాలే. చిన్నపిల్లలా నవ్వుతూ ఒడినిండా కోసుకుంది. నా ఏడుపు ఎటు పోయిందో!

మిషన్‌నూ పెట్రోలు డబ్బానూ తీసుకెళ్తే, రిపేరు చేసే గుజరాతీ ఆయన డబ్బా మూత తీసి వాసన చూశాడు. "కాకా, ఆ తో లూమ్‌ను తేల్ ఛే!" అని మగ్గం నూనెను ఇట్టే పట్టేసి పకపకా నవ్వాడు. పాతదంతా పారబోసి, ప్లగ్గు తుడిచి, కొత్త పెట్రోలులో టూటీ కలిపి పోశాడు. పెట్రోలు పదిహేను రోజులకు సరిపడేంతే కొనమని, మూత బిగించి నీడలో పెట్టమని చెప్పాడు.

సాయంత్రం ఆరిళ్ల ఆడవాళ్లూ, వాళ్లతో గుజరాతీ ఇరుగుపొరుగూ చప్పట్లు కొడుతూ తిరిగారు. మధ్యలో గునుగు పూల బతుకమ్మ.

ఇప్పుడు నా దగ్గర చిన్న ఇనుప డబ్బా ఉంది, ఆయన చెప్పినట్టే పెట్రోలు పెడుతున్నాను. గోడ పక్క మూలను మాత్రం ఏటా బతుకమ్మ దాకా ఎవరు చెప్పినా కోయను. మొండివాణ్ని కదా.