ఖాళీ కాగితం మీద సంతకం

ఆ రోజు పొద్దున గేటుకు తగిలించిన సంచిలో రెండు పాల ప్యాకెట్లకు బదులు మూడు ఉన్నాయి. మూడోది ఎవరింటిదో కనుక్కుందామని చేతిలో పట్టుకుని నిలబడి ఉండగా ఫోన్ మోగింది. భూపాలపల్లి నుంచి చాచా కూతురు. "అబ్బాజాన్ పోయిండు, చెల్లే. నమాజుకు లేపితే లేవలే," అంది. వస్తున్నానని చెప్పాను.

నేను చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మగవాళ్ళు జనాజా ఎత్తుకుని వెళ్ళారు. ఆడవాళ్ళం ఇంట్లో ఉండిపోయాం. వచ్చినవాళ్ళలో చాలామందికి ఆయన ఫలానా గని ఉద్యోగికి మామగారిగానే తెలుసు. జనగామలో ఆయన ఎవరో, ఏం చేశారో చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

చాచా మాకు చుట్టం కాదు. జనగామలో మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఒకటే గోడ. ముప్పై ఏళ్ళు కోర్టు ముందు రేకుల షెడ్డులో టైపు మిషను పెట్టుకుని బతికారు. బెయిలు పిటిషన్లు, అఫిడవిట్లు, అప్పీళ్ళు ఆయన వేళ్ళ కిందినుంచే వెళ్ళేవి. ఆయన లా చదవలేదు. చదివినవాళ్ళ తప్పులు దిద్దేవారు.

నేను సిస్టర్ల బడిలో చదివాను. పుస్తకం ఉంటే చాలు, మనుషులు అక్కర్లేదన్నట్టు ఉండేదాన్ని. పదో తరగతి సెలవుల్లో టైపు నేర్చుకోమని అమ్మ ఆయన దగ్గరికి పంపింది. మొదటి వారం నేను ఒక్క మాటా మాట్లాడలేదు. "కాన్వెంటోళ్ళు నీకు ఇంగిలీషు నేర్పిండ్రా, మౌనవ్రతం నేర్పిండ్రా, బేటీ?" అన్నారు. షెడ్డులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత ఆయనతో మాట్లాడటం కష్టమనిపించలేదు.

వాడిన కార్బన్ పేపరును ఎండకెత్తి చూసి, ఇంకెన్ని కాపీలకు వస్తుందో చెప్పేవారు. అన్నం తినే ముందు వేళ్ళకంటిన సిరాను కిరసనాయిల్ గుడ్డతో తుడుచుకుని, తర్వాత సబ్బుతో రెండుసార్లు కడుక్కునేవారు. అఫిడవిట్‌లో తప్పు పడితే తెల్ల సిరా పూయనిచ్చేవారు కాదు. దాని మీద గీత కొట్టి, పక్కన సంతకం పెట్టించేవారు. "చెరిపితే దాసినట్టు. కొట్టేస్తే ఒప్పుకున్నట్టు," అనేవారు.

నేరశాస్త్రంలో నా మొదటి పాఠాలు ఆ షెడ్డులోనే అయ్యాయి. చేసిన పని ఒక్కటే నేరం కాదు, దాని వెనక మనసు కూడా ఉండాలని తర్వాత పుస్తకాల్లో చదివాను. చాచా అంతకుముందే మిషను మీద చూపించారు. "వేలు జారి ఒక మాట ఎగిరిపోయిందనుకో, గది పొరపాటు. గా మాట పోతే ఎదుటోడు మునుగుతడని తెలిసి ఎగరగొడితే, గది నేరం. కాయితం మీద రెండూ ఒక్క తీరే కనపడ్తయి. గందుకే కోర్టు పెట్టిండ్రు."

వరంగల్‌లో లా చేరాక, పాత కాలంలో ఒక పండితుడు తల కొలతలు, దవడల ఆకారం చూసి పుట్టు నేరస్థుల్ని గుర్తుపట్టవచ్చని నమ్మాడని ఆయనకు చెప్పాను. టోపీ తీసి తల ముందుకు వంచారు. "కొలువు బేటీ. నేను ఎన్ని ఖూనీలు చేస్తనో చూద్దాం." కాసేపు నవ్వి, మళ్ళీ ఆయనే అన్నారు: "వందల ఛార్జిషీట్లు టైపు చేసిన. ఒక్కదాంట్ల గూడ పుట్టుకతోటి దొంగైనోడు కనపడలే. నిన్నటిదాక మంచిగున్నోడే కనపడ్డడు."

అవి ఉద్యమం ఉరకలేస్తున్న రోజులు. వకీళ్ళు కోర్టులు బహిష్కరించారు. షెడ్డులో మిషను మీద గుడ్డ కప్పి, చాచా కూడా వాళ్ళ దీక్షా శిబిరంలో కూర్చునేవారు. ఒక బంద్ నాడు సాయంత్రం జనగామలో, ఖాళీ బస్సును డిపోకు తీసుకుపోతున్న డ్రైవరు మీద రాళ్ళు పడ్డాయి. ముందు అద్దం పగిలి, పెంకు ఎడమ కంట్లో దిగింది. ఆ కన్ను పోయింది. డ్రైవరుది మరిపెడ. ఆయన కూడా సమ్మెల్లో జెండా పట్టుకున్న మనిషే.

రెండు రోజుల తర్వాత హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న ఒక విద్యార్థిని పట్టుకున్నారు. గూడూరు దగ్గరి పల్లె. తండ్రి లేడు. తల్లి పత్తి ఏరి చదివిస్తోంది.

ఇక్కడ పంచనామా గురించి ఒక మాట చెప్పాలి. పోలీసుల ముందు నేరం ఒప్పుకుంటే అది కోర్టులో చెల్లదు. కానీ ముద్దాయి చెప్పిన మాట వల్ల ఏదైనా వస్తువు దొరికితే, ఆ మేరకు చెల్లుతుంది. దొరికేటప్పుడు ఊరివాళ్ళు పక్కన నిలబడి చూసి, రాసిన కాగితం మీద సంతకం చేయాలి. ఆ కాగితం పంచనామా, వాళ్ళు పంచులు. అది పద్ధతి. వాడుక వేరు. స్టేషన్ల వాళ్ళకు తెలిసిన పంచులుంటారు. కాగితం వాళ్ళ దగ్గరికే వస్తుంది. కోర్టు ముందు కూర్చునే మనిషి, చేతిరాత బాగుంటుంది, వాయిదాకు పిలిస్తే పక్కనే ఉంటాడు. చాచా అలాంటి పంచు. అది ఏ స్టేషనో ఇక్కడ రాయను. ఒక స్టేషనుకే అంటుకునే వాడుక కాదది.

ఆ వారం కానిస్టేబుల్ వచ్చి కాగితం చాపాడు. దాని మీద ఒక్క అక్షరం లేదు. ఏం రాస్తారని చాచా అడిగారట. ఊరంతా గరంగా ఉంది, తర్వాత రాస్తామన్నాడు. ఊళ్ళో అందరి కాగితాల్లో అక్షరం అక్షరం సరిచూసిన మనిషి, ఆ కాగితం అడుగున సంతకం పెట్టి ఇచ్చేశారు.

దాని మీద తర్వాత రాసింది ఇది: ముద్దాయి పంచుల సమక్షంలో పోలీసులను హాస్టల్ వెనక పొదల దగ్గరికి తీసుకుపోయి, రాళ్ళు మోసిన గుడ్డసంచి తీసి చూపించాడు. కేసంతా ఆ సంచి మీదే నిలబడింది. రాళ్ళు వేసినవాళ్ళు ముఖాలకు రుమాళ్ళు కట్టుకున్నారు, ఎవరినీ గుర్తుపట్టలేనని డ్రైవరు ముందే చెప్పాడు.

రెండేళ్ళకు చాచాకు సమన్లు వచ్చాయి. అప్పటికి ఢిల్లీలో రాష్ట్రం మాట తేలింది. కేసులు ఎత్తేస్తారని అందరూ అంటున్నారు, ఇది మాత్రం నడుస్తూనే ఉంది. శిక్ష పడితే ఆ విద్యార్థికి జైలు, ఆ తర్వాత ఏ సర్కారు నౌకరీ రాదు. చాచా చూశానంటే శిక్ష పడుతుంది. చూడలేదంటే కేసు పోతుంది. ఎటు చెప్పినా ఆయన సంతకం ఆయన్ను పట్టిస్తుంది.

విద్యార్థి తల్లి వచ్చి ఆయన గుమ్మంలో కూర్చుంది. ఏమీ అడగలేదు. చాచా భార్య టీ ఇస్తే తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళింది. కొందరు నాయకులు వచ్చి, పోలీసుల పక్షం చెబితే షెడ్డు ఉండదన్నారు. స్టేషను నుంచి కబురు మర్యాదగానే వచ్చింది. ఎప్పటిలాగే చెప్పమన్నారు.

చివరికి డ్రైవరు వచ్చాడు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. నల్ల కళ్ళద్దాలు తీయకుండానే మంచం అంచున కూర్చున్నాడు.

"చాచా, నేను నీ మీదికి లొల్లికి రాలే," అన్నాడు. "నువ్వు చూసినవా, చూల్లేదా? గదొక్కటి చెప్పు."

"చూల్లే."

"మరి దస్తకత్?"

"నాదే."

డ్రైవరు కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "అయితే నా కన్ను ఎవ్వలు తీయలేదన్నట్టు," అని లేచాడు. చాచా వీధి చివరిదాకా ఆయన వెంట నడిచి వచ్చారు.

తిరిగొచ్చి నన్ను అడిగారు. "నువ్వు చదువుతున్నవు గద, బేటీ. నేను చూడని దాన్ని చూసినా అని చెప్తే, ఒకేళ గా పిలగాడే నిజంగ ఏసి ఉంటే, అప్పుడు నేను చెప్పింది అబద్ధమా, నిజమా?"

నేను పుస్తకంలో ఉన్నదే చెప్పాను. రుజువు చేసే భారం పోలీసులది. అనుమానం మిగిలితే ముద్దాయికే మేలు. సాక్షి తాను చూసిందే చెప్పాలి, జరిగి ఉండవచ్చనుకున్నది కాదు. ఆయన అంతా విని, "సరే, పుస్తకం మంచిగనే రాసిండ్రు," అన్నారు. ఆ రోజు ఆయన నా ముఖం వైపు చూడలేదు. నేనూ చూడలేదు.

సాక్ష్యం రోజు నేను కోర్టులో వెనక బెంచీ మీద కూర్చున్నాను. చాచా ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నారు. ప్రభుత్వ వకీలు కాగితం చూపించి సంతకం మీదేనా అని అడిగారు. నాదే అన్నారు. సంచి మీ ముందే దొరికిందా అన్నారు.

"లేదు సార్. నేను సంచి చూల్లే, పొదలు చూల్లే. ఖాళీ కాయితం మీద సంతకం చేసిన. చెయ్యొద్దని తెలుసు. తెలిసే చేసిన."

మేజిస్ట్రేటు రాయడం ఆపి, చివరి మాట కూడా రాసుకోమంటారా అని అడిగారు. ఆ మాట లేకపోతే ఆయనకే మంచిదని మా అందరికీ అర్థమైంది. "రాయండి సార్," అన్నారు చాచా.

నెల తిరగకముందే కేసు కొట్టేశారు. విద్యార్థులు పూలదండ తెచ్చి, భుజాల మీద ఎత్తుకుంటామన్నారు. ఆయన తలుపు దగ్గరే ఆపేశారు. "నేను మీ దోస్తును విడిపియ్యలే, బేటా. నా సంతకం వాపస్ తీసుకున్న, గంతే. దండ మరిపెడకు తీస్కపోండ్రి." ఎవరూ తీసుకుపోలేదు. ఆయన ఒక్కరే మరిపెడ వెళ్ళి, డ్రైవరుకు డిపోలో కూర్చుని చేసే పని ఇవ్వమని అర్జీ టైపు చేసి ఇచ్చి వచ్చారు. డ్రైవరు అది తీసుకున్నాడు గాని, లోపలికి రమ్మనలేదని చెప్పారు.

షెడ్డుకు పని తగ్గిపోయింది. ఎవరూ వద్దనలేదు. రావడం మానేశారు. చాచీ పోయాక ఆయన మిషను అమ్మేసి, కూతురి దగ్గరికి భూపాలపల్లి వెళ్ళారు.

కిందటి నెల చూడటానికి వెళ్ళాను. బొగ్గు లారీల దుమ్ము పడుతుందని కిటికీకి తడి దుప్పటి కట్టి ఉంది. మంచం మీద కూర్చుని, మోకాలి మీద వేళ్ళతో ఏదో టైపు చేస్తున్నట్టు కదిలిస్తున్నారు. రాష్ట్రం వస్తుంది కదా, సంతోషమేనా అని అడిగాను. తలూపారు. కాసేపటికి, "గా పిలగానికి నౌకరీ వచ్చిందా?" అన్నారు. పరీక్షలు రాస్తున్నాడట అన్నాను.

"ఏసిండంటవా, బేటీ?"

"నాకేం తెలుసు, చాచా," అన్నాను.

ఆయన వేళ్ళు మోకాలి మీద ఇంకాసేపు కదిలి ఆగిపోయాయి. చూసింది చెప్పడం, చూడనిది చెప్పకపోవడం, ఈ రెండిటినీ నాకు నేర్పింది ఆయనే. రెండోదాని కోసం ఉన్నదంతా పోగొట్టుకున్నారు. నేను ఇప్పుడు పట్టా పుచ్చుకుని, రేపో మాపో నల్లకోటు వేసుకోబోతున్నాను.

ఆ బంద్ సాయంత్రం నేను ఆ రోడ్డు పక్కనే జిరాక్సు దుకాణంలో ఉన్నాను. షట్టరు సగం దించి ఉంది. ఒక్కడి రుమాలు మెడ మీదికి జారింది. రాయి వదిలాక అతని చెయ్యి కొద్దిసేపు గాలిలోనే ఉండిపోయింది. రెండేళ్ళ తర్వాత బోనులో నిలబడింది అతనే. దుకాణంలో ఎవరున్నారని ఎవరూ అడగలేదు.