శేషత్త నాలుగో చరణం

మా చిన్నప్పుడు రేడియోలో వచ్చే పాట రాసుకోవాలంటే నలుగురు ఆడవాళ్ళు కావలసి వచ్చేది. మొదటి లైను మా అమ్మ, రెండోది దొడ్డమ్మ, మూడోది రైసుమిల్లు వాళ్ళ కోడలు, నాలుగోది ఎదురింటి సుందరమ్మగారు... ఎవరి లైను వాళ్ళు పట్టుకోవాలి. పాట ఒక్కసారే వస్తుంది. జారిపోతే మళ్ళీ దొరకదు.

కొత్తపేట దగ్గర మా ఊళ్ళో ఉన్నది ఒకటే రేడియో, మిల్లువాళ్ళ సావిట్లో. రెండు కొబ్బరిచెట్ల మధ్య దాని ఏరియల్ తీగ కట్టేవారు. బ్యాటరీ అయిపోతే అమలాపురం పంపించేవారు. మధ్యాహ్నం వంటిళ్ళు సర్దుకుని ఆడవాళ్ళంతా కాగితం, పెన్సిలు పట్టుకుని అక్కడికి చేరేవారు. మద్రాసు నుంచి పాడేది మా మేనత్త మరి!

మా నాన్నగారి చెల్లెలు... శేషత్త. పదహారేళ్ళకే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. మద్రాసులో ఉన్న బాబాయి, పిన్ని పురిటికి సాయంగా ఉంటుందని తీసుకెళ్ళారు. అక్కడ పసివాణ్ణి ఊపుతూ పాడుతుంటే పక్క వాటాలో ఉన్నాయన విన్నారట. ఆయన రేడియోలో వయొలిన్ వాయించేవారు. అలా మొదలైంది... స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో. మొదట పాటలు, తరవాత నాటకాలు.

నాటకాల్లో ఆవిడకి ఎక్కువగా కొత్త పెళ్ళికూతురి వేషమే. గొంతు అలాంటిది. పెళ్ళికూతురు నడిస్తే గాజులు గలగలమనాలి కదా... అత్త చేతులు బోసి. అందుకని నాలుగు మట్టిగాజులు సంచిలో వేసుకుని వెళ్ళి, ఒక చేత్తో కాగితాలు, ఇంకో చేత్తో గాజులు పట్టుకుని మైకు దగ్గర ఆడించేదట. ఈ సంగతి మాకు నవ్వుతూ చెప్పింది. మేమూ పడీపడీ నవ్వాం.

మా ఊళ్ళో ఆవిడ పాట లేకుండా పెళ్ళి జరిగేది కాదు. ఆవిడకి మాత్రం ఏ పెళ్ళికీ పిలుపు లేదు. ఎప్పుడైనా ఊరొచ్చి వీధిలో ఎదురైతే, పనిమీద బయల్దేరినవాళ్ళు వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్ళి కాసిని మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరేవారు. వాళ్ళే సావిట్లో ఆ గొంతు కోసం చాపలు పరుచుకునేవారు. అదేమిటని దొడ్డమ్మని అడిగాను.

"పెట్టెలోంచొచ్చే గొంతుకి బొట్టుందో లేదో ఎవరు చూసేరే?" అంది.

అందరికీ అది సబబుగానే తోచింది. నాక్కూడా.

అన్నిటికంటే పేరు తెచ్చింది అప్పగింతల పాట. అత్త సొంతంగా కట్టుకున్నది. అత్తగారికో చరణం, మామగారికో చరణం, అల్లుడికో చరణం. పిల్ల చేతులు పాలలో ముంచి అప్పగించేటప్పుడు అది పాడితే మగవాళ్ళు కూడా కండువాతో కళ్ళొత్తుకునేవారు. నిజానికి దానికి నాలుగు చరణాలట. మూడు పూర్తయ్యేసరికి రేడియోలో టైము అయిపోయి, ఆపమని చెయ్యి చూపించారట. అందుకని మా ఊరికి మూడే వచ్చాయి.

మా అక్క పెళ్ళికి అత్త వచ్చింది. అక్కని చంకనేసుకుని పెంచింది ఆవిడే. వాకిట్లో నిలబడి నాన్నగారితో ఒకటే మాట అంది. "గదిలోంచి కదలనన్నయ్యా. అప్పగింతలు చెవులారా వినేసి వెళ్ళిపోతాను."

నాన్నగారు ధాన్యం కొట్టుగదిలో చాప వేయించారు.

మర్నాడు పొద్దున్న అప్పగింతలు. పేరంటాళ్ళు మూడు చరణాలూ పాడి ఆపేశారు. అక్క చేతులు ఇంకా పాల పళ్ళెంలోనే ఉన్నాయి... అప్పుడు కొట్టుగదిలోంచి వచ్చింది, నాలుగో చరణం.

"ఏ పొద్దు వచ్చినా ఈ ఇంటి తలుపు
తీసి ఉంచేమమ్మ నీ కోసము..."

రేడియోలో గరగరల మధ్య విన్నట్టు కాదు, నేరుగా అత్త గొంతే. అక్క చప్పున తలెత్తింది. మగపెళ్ళివారి ముసలావిడ, ఎవరా పాడేది అని అడిగింది. మా అమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఎవరూ నాకు చెప్పలేదు... కనీసం కనుసైగ కూడా చెయ్యలేదు. గది గుమ్మం పక్కన నిలబడి ఉన్నాను, అంతే. అక్కకి ఏదో కీడు జరిగిపోతుందని భయం వేసింది. తలుపు లాగి గొళ్ళెం పెట్టేశాను.

లోపల పాట ఆగిపోయింది. బయట మేళం అందుకుంది. బుద్ధిమంతురాలివని దొడ్డమ్మ నా తల నిమిరింది. ఆ నిమరడం నాకు ఎంత గర్వంగా అనిపించిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అక్క బండెక్కి వెళ్ళిపోయాక గొళ్ళెం తీశాను. అత్త గోడకి ఆనుకుని కూచుని ఉంది. నన్ను చూసి చెంగుతో మొహం తుడుచుకుంది.

"తలుపేసి మంచి పనే చేసేవమ్మా... గాలి కొట్టేస్తోంది," అంది.

ఆ రోజు ఆకు కూడా కదల్లేదు.

మళ్ళీ ఆవిడ మా ఊరు రాలేదు. రేడియోలో కొన్నాళ్ళు పెళ్ళికూతురు, తరవాత తల్లి వేషాలు, ఆ తరవాత రెండు ముక్కలు మాట్లాడే పనిమనిషి... ఆఖరికి ఉబ్బసం వచ్చి అదీ పోయింది. నాకు పెళ్ళి కాకముందే ఆవిడా పోయింది. ఆవిడ పెట్టెలోంచి నా దగ్గరికి చేరినవి ఆ నాలుగు గాజులే. నా పెళ్ళిలోనూ ఆ పాట పాడారు, మూడు చరణాలు.

పెద్దయ్యాక చాలామందిని అడిగించాను, ఆవిడ పాట ఎక్కడైనా ఉందేమోనని. ఆ రోజుల్లో నేరుగా పాడెయ్యడమే, దాచినవి లేవన్నారు. మొన్న మా మనవరాలి పెళ్ళిలో తుమ్మినా దగ్గినా ఫోన్లలో దాచుకున్నారు. అప్పగింతలప్పుడు మాత్రం స్పీకర్లో ఏదో పాట పెట్టేశారు.

కోనసీమ వైపు మీ అమ్మమ్మలు, నానమ్మలు ఎవరైనా అప్పగింతల్లో మూడు చరణాల పాట పాడేవారా? గుర్తుంటే కింద రాయండి, చదువుకుంటాను. నాలుగోది మాత్రం అడగను... అది ఎవరి దగ్గరా ఉండదు. దాన్ని గడప దాటనివ్వనిది నేనే.