నాలుగు గంటల ద్రోహి

మా అన్నయ్య నోట్లో వేలు పెట్టినా కొరకలేడు. అలాంటి మనిషి పందొమ్మిదేళ్లుగా, సోమవారం సెలవు పోను, రోజూ సాయంత్రం నాలుగింటికి ఒక రాజ్యాన్ని శత్రువుల చేతిలో పెట్టి, ఆరింటికల్లా పాల ప్యాకెట్ పట్టుకుని ఇంటికి వచ్చేవాడు.

పాత కోటలో చరిత్రను ఆడి చూపిస్తారు. అందులో అన్నయ్యది ద్వారపాలకుడి వేషం. డప్పు మూడుసార్లు మోగగానే గడియ తీయాలి, శత్రువులు లోపలికి రావాలి, రాజు చావాలి. మాటలన్నీ ముందే రికార్డు చేసి మైకులో వేస్తారు. వీళ్లు పెదాలు ఆడిస్తే చాలు. సైన్యం మొత్తం పదకొండుమంది. మొదటి సగంలో వాళ్లే మనవాళ్లు, తలపాగాలు మార్చుకుంటే శత్రువులు. టికెట్ల కిటికీ దగ్గర కూర్చునేది నేను. "సైన్యం ఇంతేనా?" అని అడిగినవాళ్లకి "మిగతావాళ్లు సెలవులో ఉన్నారండీ" అని చెప్పేదాన్ని.

అన్నయ్య గడియ తీయగానే జనం "ద్రోహీ!" అని అరుస్తూ ఖాళీ నీళ్ల సీసాలు విసిరేవారు. ఆట అయ్యాక ఆ సీసాలు ఏరాల్సింది కూడా ఆయనే. బస్సులో "ద్రోహిగారూ, కాస్త జరగండి" అన్నా నవ్వి జరిగేవాడు. ఒక్క విషయంలో మాత్రం మొండి. పదో తరగతి చదివే కూతుర్ని కోట గుమ్మం తొక్కనిచ్చేవాడు కాదు. "నా బిడ్డ ముందు ఆ పాడు పని చేయలేనే" అనేవాడు నాతో. వాళ్ల బడి మొత్తానికి ఆ ఆట చూడనిది అదొక్కతే.

అప్పుడు దిగాడు కొత్త మేనేజరు. అంతకుముందు పరుపులు అమ్మించేవాడట. వచ్చీ రాగానే చూడ్డానికి వచ్చినవాళ్లందరి చేతా ఒక కాగితం నింపించాడు. నూటికి డెబ్బైమందికి ముగింపు నచ్చలేదని తేలింది. రాజు చచ్చిపోతే నచ్చడానికి అదేమైనా పెళ్లి భోజనమా! ఆ మహానుభావుడు అందర్నీ పిలిచి కూర్చోబెట్టాడు.

"ఓడిపోవడం ఎవరికి ఇష్టం చెప్పండి? ఈ శుక్రవారం నుంచి మనం గెలుస్తున్నాం."

"నిజంగా ఓడిపోయారు కద సార్," అన్నాడు రాజు వేషం కట్టేవాడు. పొద్దున పూట మిక్సీలు బాగుచేసే మనిషి, తేడా వస్తే ఊరుకోడు.

"అప్పట్లో వాళ్లకి ఫీడ్‌బ్యాక్ లేదయ్యా," అన్నాడు మేనేజరు.

కొత్త ఆటలో ద్వారపాలకుడు గడియ తీయడు. శత్రువులు బయటే అరిచి అరిచి వెళ్లిపోతారు. రాజు తన మెడలో హారం తీసి ద్వారపాలకుడి మెడలో వేస్తాడు. అది విన్నప్పుడు అన్నయ్య మొహం చూడాలి! తిన్నగా ఇంటికెళ్లి, "శుక్రవారం నువ్వు రావాలమ్మా, నీ స్నేహితుల్ని కూడా తీసుకురా" అన్నాడు కూతురితో. మేనేజరు మీద నాకు ఒళ్లు మండుతున్నా, వేషం బట్టల్ని అన్నయ్య రెండుసార్లు ఇస్త్రీ చేసుకోవడం చూసి నోరు మూసుకున్నాను.

శుక్రవారం మా మేనకోడలు మొదటి వరసలో కూర్చుంది, పక్కన ఏడుగురు స్నేహితురాళ్లు. నేను కిటికీ మూసేసి వచ్చి వెనక నిలబడ్డాను. డప్పు మోగింది. ఒకటి, రెండు, మూడు.

"ద్వారపాలకుడు గడియ బిగించాడు," అంది మైకు గంభీరంగా.

అన్నయ్య చేతులు గడియ తీసేశాయి. పందొమ్మిదేళ్ల అలవాటు మరి, చేతులకి మీటింగు పెట్టి ఎవరు చెప్పారు? తలుపు జానెడు తెరుచుకుంది. "రావాలా, వద్దా?" అని సందులోంచి ఒక శత్రువు అడగడం నాకూ వినిపించింది. అన్నయ్య కొయ్యబారిపోయి కూతురి వైపు చూశాడు. తలుపు తోసి గడియ పెట్టేస్తే సరిపోయేది, జనం అదీ ఆటలో భాగమే అనుకునేవారు. "పెట్టెయ్ అన్నయ్యా, పెట్టెయ్" అని గొణుక్కుంటున్నాను.

అప్పుడు లేచింది మా మేనకోడలు. బెంచీ ఎక్కి, గొంతు చించుకుని అరిచింది.

"ద్రోహీ!"

దాని వెనకే ఏడుగురూ, ఆ తర్వాత జనమంతా అందుకున్నారు, సీసాలు ఎగిరాయి. అన్నయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. కూతురి మీంచి చూపు తిప్పుకుని, తలుపు రెక్కలు రెండూ బార్లా తెరిచేశాడు. పదకొండుమందీ బతుకుజీవుడా అని లోపలికి దూకారు. రాజు హారం తీసి జాగ్రత్తగా పక్కన పెట్టి, రోజూ పడేచోటే పడి చచ్చిపోయాడు. మైకు మాత్రం "విజయం! విజయం!" అని మోగుతూనే ఉంది.

మేనేజరు చిందులు తొక్కాడు. అదీ నింపిన కాగితాలు చూసేదాకానే. నూటికి తొంభైమందికి నచ్చిందట! వెంటనే పాత ముగింపే ఖాయం చేసి, "ప్రేక్షకుల చేత అరిపించడం నా ఆలోచనే" అని పైవాళ్లకి రాసుకున్నాడు. ఛీ, ఏం మనిషో!

అన్నయ్య వేషం విప్పకుండానే సంచి పట్టుకుని సీసాలు ఏరుతున్నాడు. తల ఎత్తడం లేదు. కూతురు పరుగెత్తుకొచ్చింది.

"నాన్నా, ముందు అరిచింది నేనే! అంతమందిలో నా గొంతు వినిపించిందా?"

"వినిపించిందమ్మా."

"వాళ్లంతా నాలుగో క్లాసు నుంచీ అరుస్తున్నారు. నన్నొక్కదాన్నే రానివ్వలేదు నువ్వు. బళ్లో ఎంత ఏడిపించారో తెలుసా?"

"ద్రోహి కూతురివనా?" అన్నాడు అన్నయ్య.

"కాదు. కూతురివై ఉండి ఒక్కసారి కూడా చూడలేదేంటే అని."

అన్నయ్య సంచి కింద పెట్టి, ఆ కిరీటాలూ కత్తుల మధ్యే భోరుమన్నాడు. నేనూ ఏడ్చాను, చెప్పడానికి సిగ్గెందుకు. మా మేనకోడలు మాత్రం వంగి, మూత లేని సీసా ఒకటి వెతికి తీసింది.

"ఇది నేను వేసిందే," అంది గొప్పగా, సంచిలో పడేస్తూ.