‘నీలం దీపం’ పాట రాసిన మేస్టారు

మేస్టారు పోయారన్న కబురు నాకు ఫోనులో వచ్చింది. మొదటి సందేశంలో ఉన్నది అంతే: మేస్టారు ఇక లేరు. దాని కిందనే ఇంకొకటి: పట్టాల మీదంట, పాటలో రాసినట్టే. అప్పుడు నేను విజయనగరంలో కాలేజీ మెట్ల మీద ఉన్నాను. మొదటి సందేశం చదివి ఏడుపు వచ్చింది. రెండోది చదివాక ఆ ఏడుపు కూడా ఆగిపోయింది.

ఆ పాట సంగతి మీకు చెప్పాలి. మేస్టారు కొత్తవలసలో మా పక్కింటాయన. బళ్లో నాకు సోషల్ చెప్పారు. ఆదివారం బాప్టిస్టు చర్చిలో గిటారు వాయించేవారు. ఇవన్నీ కాకముందు, చదువుకునే రోజుల్లో, స్నేహితులతో కలిసి ఒక రాక్ బ్యాండు పెట్టారు. వాళ్లు రికార్డు చేసింది ఒకే ఒక్క పాట. గిటారు రంపపు మిల్లులా అరుస్తూ ఉంటుంది. దాని వెనకనుంచి ఆయన పడుచు గొంతు, ఏమాత్రం తొందర లేకుండా, ఇలా పాడుతుంది:

నీలం దీపం ఆరిపోతే నన్నడగకు
పట్టాలకు తెలుసు నేనెటు పోయానో

మా మేనమామ కొడుకు, అంటే మా బావ, ఆ పాత క్యాసెట్టు పాటను ఎక్కించి నెట్టులో పెట్టాడు. అక్కణ్ణుంచి అర్థాలు పుట్టుకొచ్చాయి. అరకు మీదుగా పోయే కిరండూల్ రైలెక్కి వెళ్లిపోయిన అమ్మాయి గురించి రాశారని ఒకరు. చనిపోయిన స్నేహితుడి కోసమని ఒకరు. వెనక నుంచి ముందుకు తిప్పి వింటే సైతాను పేరు వినబడుతుందని ఇంకొకరు. ఈ సంగతి తమకెలా తెలిసిందో మాత్రం ఎవరూ చెప్పరు.

మా చర్చిలో సాక్ష్యం చెప్పే పద్ధతి ఉంది. కూడికలో ఎవరైనా లేచి దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకోవచ్చు. తనకు జరిగిందే చెప్పాలి, పక్కింటివాళ్లకు జరిగింది కాదు. మేస్టారు ఆ పద్ధతిని తన వరండాలోకి తెచ్చారు. శనివారం సాయంత్రాలు మేమంతా అక్కడ చేరి ఆ పాట గురించి వాదించుకునేవాళ్లం. కొత్త అర్థం తెచ్చినవాడు లేచి నిలబడాలి. తను చూసిందో, ఫలానావారి నోట విన్నదో చెప్పాలి. చెప్పలేకపోతే కూర్చుని, బుట్టలోని వేరుశనక్కాయలు వలవాలి. అదీ శిక్ష.

ఒక శనివారం బావ గంభీరంగా లేచాడు. "ఆ అమ్మాయిది అరకు అంట మేస్టారూ. పెళ్లయిపోయి ఎల్లిపోనాదంట."

"నువ్వు సూసావేట్రా?"

"నేదు. అంతన్నారు."

"ఎవరు?"

"అందరూను."

"అందరూ అన్నాయన మా ఇంటికి ఎప్పుడూ రానేదే! కూకో. సెనక్కాయలు ఒలువు."

లోపలనుంచి ఆయన భార్య కేకేసింది. ఆవిడ మాకందరికీ అత్త. "ఒరే, ఆ పిల్లెవరో దొరికితే నాకాడికి తీసుకురండ్రా. ఈయన సొక్కాలు ఇకమీద ఆవిణ్నే ఉతకమంతాను!"

శిక్ష ఆయనకూ వర్తించేది. "ఈ పాట కట్టిననాడు ఒకటే వాన" అని ఒకసారి మొదలుపెట్టారు. "ఏటి వాన? మండుటెండ. సెమటలు కక్కుతా వచ్చి నాకు ఇనిపించారు" అంది అత్త. మేస్టారు బుట్ట తన ముందుకు లాక్కున్నారు.

పేపరు చదివేటప్పుడు ఆయన చేతిలో ఎర్ర పెన్ను ఉండేది. వార్త చివర ‘అని తెలిసింది’ అని ఉంటే దాని చుట్టూ సున్నా చుట్టేవారు. "ఎవరికి తెలిసిందో ఆళ్ల పేరు మింగేసారు" అని గొణిగేవారు. ‘వదంతి’ అన్న మాట పుట్టుక నాకు చెప్పింది ఆయనే. సంస్కృతంలో దానికి ‘అంటున్నారు’ అని అర్థమట. ఎవరంటున్నారో ఆ మాటలో ఉండదు. ఆ రోజు ఇంటికి పరుగెత్తుకెళ్లి నిఘంటువు తెరిచాను. తెలుగు బి.ఏ.లో చేరాలని నాకు మొదట అనిపించింది ఆ సాయంత్రమే.

ఎవరూ లేనప్పుడు ఒకసారి అడిగాను. "మేస్టారూ, నాకొక్కదానికే సెప్పండి. ఆ పాటకి అర్థం ఏటి?"

ఆయన గిటారు తీగ బిగిస్తూ కూర్చున్నారు. "అది రాసినోడికి ఇరవయ్యేళ్లమ్మా. ఆడెక్కడున్నాడో నాకూ తెల్దు. దొరికితే ఆణ్నే అడుగు" అన్నారు. నవ్వారు. నేనూ నవ్వాను.

కబురు అందాక ఎక్కిన కొత్తవలస బస్సులో నన్ను కోసేసింది ఆ నవ్వే. ఆయన నిజంగానే పట్టాల మీదకు వెళ్లి ఉంటే, ఇన్నాళ్లూ మేము ఆట పట్టించింది ఒక మనిషి బాధనన్నమాట. ఆయన పాడి చెప్పుకుంటుంటే మేము శనక్కాయలు నములుతూ కూర్చున్నామన్నమాట. బస్సు కదులుతుండగానే బావకు ఫోను చేశాను. రెండో సందేశం పెట్టింది వాడే.

"బావా, నువ్వు సూసావా?"

"నేను సూళ్లేదే. రైలు గేటు కాడ అనుకుంతన్నారు."

"ఎవరు అనుకుంతన్నారు?"

"అందరూను."

"అందరూ అంటే? ఒక్క పేరు సెప్పు."

"ఇప్పుడు కూడా సెనక్కాయలు ఒలిపిస్తావేటే?" అన్నాడు. అంటూనే ఏడ్చేశాడు.

నేను వెళ్లేసరికి వాకిట్లో చర్చివాళ్లు కుర్చీలు వేస్తున్నారు. పోలీసులు లేరు, గుసగుసలు లేవు. ముందు గదిలో మంచం మీద మేస్టారు పడుకుని ఉన్నారు, ఒంటి మీద ఒక్క గీత కూడా లేకుండా. ఒక బుగ్గ నున్నగా ఉంది. రెండో బుగ్గ మీద తెల్లటి గడ్డం అలాగే ఉంది, చెవి కింద సబ్బు నురగ ఎండిపోయి ఉంది.

అత్త నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "రేపు ఆదివారం గదా, పాటల ప్రాక్టీసుకి ఎల్తానని గెడ్డం గీసుకుంతన్నారు. ‘ఒక్క నిమిషం కూకుంతానే’ అన్నారు. కుర్చీలో కూకున్నారు. తల వాల్సీసారు. అంతేనే."

అడగకూడదని తెలిసినా నోరు జారింది. "నువ్వు సూసావా అత్తా?"

"నేను సూసాను" అంది అత్త. "నా ఎదరే. తువ్వాలు నా సేతిలోనే ఉన్నాది."

ఆగిపోయిన ఏడుపు అప్పుడు వచ్చింది. ఇంత ఏడుస్తున్నా గుండె తేలికపడుతుందని నాకంతకుముందు తెలియదు. ఆయన మమ్మల్ని వదిలి పారిపోలేదు. రేపటి పాట కోసం ముస్తాబవుతూ వెళ్లిపోయారు. ‘నీలం దీపం’ అర్థం ఇక ఎప్పటికీ తెలియకపోవచ్చు. అది ఇప్పుడు మళ్లీ ఒట్టి పాట. ఎంత కావాలంటే అంత వాదించుకోవచ్చు.

బావ వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపలికి రావడానికి మొహం చెల్లలేదు. అత్త వాడిని చూసి, "ఒరే, అలా నిలబడిపోకు. సిన్న గిన్నెలో గోరెచ్చటి నీళ్లు అట్రా" అంది. "సగం గెడ్డంతో ఎలా పంపుతాను ఈయన్ని? రేపు అందరూ సూస్తారు."

వాడు తెచ్చిన నీళ్లతో ఆవిడ ఆ రెండో బుగ్గ తడిపింది. సబ్బు రాసింది. రేజరు అందుకుంటూ కిటికీలోని అద్దం నాకిచ్చింది. నేను దాన్ని ఆవిడ వైపు తిప్పి పట్టుకున్నాను. "నా మొహానికెందుకే? ఆయనకి కనపడేలా పట్టుకో."

అద్దం ఆయన వైపు వంచాను. కిటికీ వెలుతురు అద్దం మీద పడి ఆయన బుగ్గ మీదకు జారింది. అత్త రేజరు ఆ వెలుతురు వెంటే, తొందర లేకుండా, కిందికి దిగుతోంది.