గులాబీ పెట్టె మీది చెయ్యి ఎవరిది

గడియారాలు బాగుచేసే బావ చేతులంత నాజూకైన చేతులు ఈ భూమ్మీద ఇంకెవరికీ లేవు. ఇది ఊరికే పొగడ్త కాదు. దోమ వాలితే కుట్టడానికి మనసొప్పక, ఆ చేతి మీద కాసేపు షికారు చేసి, వచ్చిన దారినే ఎగిరిపోయేది. బావ పుట్టినప్పటి నుంచీ ఆవగింజంత మరలూ, వెంట్రుకలాంటి స్ప్రింగులూ తప్ప బరువైన వస్తువు ఎత్తి ఎరగడు. మంచినీళ్ల జగ్గు వంచాలన్నా భార్యను కేకేసేవాడు.

ఆ భార్య పక్క గదిలోనే ఉండేది. ఆవిడది బేకరీ. గడియారాల కొట్టుకీ బేకరీకీ మధ్య ఒక్క గోడే అడ్డం. అటువైపు ఆవిడ పిండి ముద్ద ఎత్తి బల్ల మీద కొడితే, ఇటువైపు ఆగిపోయిన గడియారాలు తమంతట తామే నడవడం మొదలుపెట్టేవి. బావ రిపేరు పనితనమంటూ ఊరంతా చెప్పుకునేదాంట్లో సగం ఆ గోడదే. బేకరీ బల్ల కాళ్లు ఏటికేడాది నేలలోకి దిగబడిపోయి, ఆవిడ ఇప్పుడు నడుం వంచి పిండి పిసుకుతోంది. వీధిలో అందరూ ఆవిడని అక్కా అని పిలుస్తారు, సగం ప్రేమతో, సగం భయంతో. అక్క మొగుడు కాబట్టి ఆయన అందరికీ బావ అయ్యాడు. అంటే అది కూడా ఆయన సొంతంగా సంపాదించుకున్నది కాదు.

వాళ్లిద్దరి పైన, మేడ మీద, ఒక ముసలాయన ఫోటో స్టూడియో. ఒకరోజు ఆ స్టూడియోకి సబ్బుల కంపెనీ ఏజెంటు వచ్చాడు. కంపెనీ వాళ్లు ఒకే కడాయిలో ఒకే సబ్బు వండి, ఒకే కత్తితో కోసి, సగం ముక్కలు నల్ల పెట్టెల్లో, సగం గులాబీరంగు పెట్టెల్లో పెట్టారు. నల్ల పెట్టె మగవాళ్లకి. దాని పేరు సింహకాయం. గులాబీ పెట్టె ఆడవాళ్లకి. దాని పేరు పూరేకు. నల్లదాని మీద బిగించిన పిడికిలీ, గులాబీదాని మీద పువ్వు పట్టుకున్న చెయ్యీ అచ్చువెయ్యాలి. ఆ చేతులు అద్దెకిచ్చే ఇద్దరూ ఎక్కిన బస్సు దారిలో చెడిపోయింది. ఏజెంటు మెట్ల మీదికొచ్చి అరిచాడు.

"చేతులు కావాలి బాబూ! ఎవరైనా కాస్త చేతులిస్తారా?"

"ఎక్కడ కావాలయ్యా, చెంప మీదా?" అంది అక్క కిందనుంచి.

అలా మొగుడూ పెళ్లాం ఇద్దరూ మేడెక్కారు. ముందు బావని పిడికిలి బిగించమన్నారు.

"బిగించానండీ."

"ఇంకొంచెం గట్టిగా."

"ఇదే గట్టిదండీ. ఇంతకన్నా బిగిస్తే కళ్లు తిరుగుతాయి."

ముసలాయన కెమెరాలోంచి చూసి పెదవి విరిచాడు. "పిడికిలా అది? పిచ్చుకపిల్ల నిద్రపోయినట్టుంది."

తరవాత అక్క చేతికి గులాబీ ఇచ్చారు. కాడ పుటుక్కుమంది. ఇంకోటిచ్చారు. రేకులు రాలిపోయాయి. మూడోదాన్ని ఆవిడ ఎంతో జాగ్రత్తగా పట్టుకుంది గానీ, పువ్వుకి ఊపిరాడక తల వేలాడేసింది. ఏజెంటు టై వదులు చేసుకుని కుర్చీలో కూలబడ్డాడు. ముసలాయన మాత్రం అక్క ముంజేతికేసి అలా చూస్తూ ఉండిపోయాడు. పొయ్యి తలుపు తగిలి కాలిన గుర్తులు, నరాలు, ఎముకల బింకం.

"చేతులు మార్చుకోండి," అన్నాడు.

అంతే. నల్ల పెట్టె మీదికి అక్క పిడికిలి ఎక్కింది. కాలిన మచ్చలు అచ్చులో పడేసరికి పులితో కలబడి గెలిచినవాడి చెయ్యిలా కనిపించింది. గులాబీ పెట్టె మీదికి బావ చెయ్యి ఎక్కింది. ఆ చెయ్యి పట్టుకున్నాక గులాబీయే కాస్త మొరటుగా కనిపించిందట.

మెట్లు దిగుతూనే బావకి చెమటలు పట్టాయి. "ఏమే, ఈ సంగతి ఎవరితోనూ అనకు. తెలిసిందంటే వీధిలో నన్ను బతకనివ్వరు."

"నీది చెప్పన్లే. నాది చెప్పుకుంటా."

"నీది చెబితే నాదెక్కడ దాక్కుంటుందే? రెండోది ఎవరిదని అడగరూ?"

అక్క ఒక మెట్టు మీద ఆగింది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ చేతిని చూసి ముచ్చటపడినవాడు ఆ ఫోటోల ముసలాయన ఒక్కడే. అయినా మొగుడి మొహం చూసి, "సరేలే, ఒట్టు," అంది. అనడం నోటితోనే అంది.

పెట్టెలు బజార్లోకొచ్చాయి. వీధి వీధంతా రెండుగా చీలిపోయింది. మగాళ్లందరూ నల్ల సబ్బు రుద్దుకుని, పిడికిలి బిగించి, అద్దంలో చూసుకోవడం. లారీ డ్రైవరు ఒకనాడు తొందరలో భార్య సబ్బుతో స్నానం చేసేసి, ఆ రోజంతా హారన్ కొట్టడానికి మొహమాటపడ్డాడు. సైకిల్ ఎదురొచ్చినా లారీ పక్కకి తీసి, మీరు వెళ్లండి మీరు వెళ్లండి అన్నాడట. పచారీ కొట్టు శెట్టిగారు ఇంకో అడుగు ముందుకేశాడు. అక్క నల్ల పెట్టె తీసుకోబోతే చేత్తో అడ్డం పెట్టాడు.

"వద్దు తల్లీ! అది మగాళ్ల సబ్బు. నీకు మీసాలొస్తే ఎవరిది పూచీ?" అని, పక్కనున్న బావ చేతిలో ఆ పెట్టే పెట్టాడు. "నువ్వు తీసుకో బావా. రోజూ రుద్దితే ఏనాటికైనా నీకూ ఇలాంటి పిడికిలి వస్తుంది."

ఆ పిడికిలి గలావిడ పక్కనే నిలబడి పెదవి కొరుక్కుంది. బావ పెట్టె తీసుకుని, తల దించుకుని ఇంటికొచ్చాడు.

ఇంతకన్నా పెద్ద గండం సెలూన్లో ఉంది. సెలూన్ నడిపే, వీధంతా తమ్ముడూ అని పిలిచే కుర్రాడికి ఇంకా పెళ్లి కాలేదు. వాడు గులాబీ పెట్టె మీది చేతిని చూసి మనసు పారేసుకున్నాడు. బొమ్మ కత్తిరించి అద్దం మూలన అంటించాడు. బావ జుట్టు కత్తిరించుకోవడానికి కూర్చుంటే, కళ్ల ముందు తన చెయ్యే, వెనకాల వాడి నిట్టూర్పులు.

"ఏ ఇంటి బిడ్డో బావా! ఆ చిటికెనవేలు చూడు, ఎంత సిగ్గో దానికి!"

"సిగ్గు కాదురా, వణుకు."

కత్తెర ఆగింది. "నీకెలా తెలుసు?"

"ఊహించా," అని బావ రెండు చేతులూ దుప్పటి కింద తొడల మధ్యకి తోసేసుకున్నాడు.

"ఆవిడ కనిపించిందంటే ఆ చెయ్యి పట్టుకుని అడిగేస్తా బావా, నన్ను చేసుకుంటావా అని."

బావ ఆ నెల నుంచి జుట్టు పెంచడం మొదలుపెట్టాడు.

ఇలా సాగిపోతుండగా గోడల మీద పోస్టర్లు వెలిశాయి. సింహకాయం పిడికిలి వీరుడు బజారుకి వస్తున్నాడు, దమ్మున్న మగాళ్లు ఆయనతో చేయి కలిపి బలం చూసుకోవచ్చు అని. పోస్టరులో ఎవడో కండలాయన. మెడ ఎక్కడ ఆగిందో, తల ఎక్కడ మొదలైందో దేవుడికే తెలియాలి. వాడు నల్ల పెట్టె పట్టుకుని, నాదే నాదే అన్నట్టు నవ్వుతున్నాడు.

అక్క ఆ పోస్టరు పీకి ఇంటికి తెచ్చింది.

"చూశావా? నా చేతికి తల మొలిచింది. అదీ మీసాలతో!"

"పోనీవే. కంపెనీ వాళ్ల వ్యాపారం వాళ్లది."

"వాళ్ల వ్యాపారం వాళ్లది, చెయ్యి నాది కదా! నువ్వు ఒక్కసారి అవునను చాలు."

"వీధిలో తలెత్తుకు తిరగొద్దూ నేను?"

"నువ్వు తలెత్తిందెప్పుడయ్యా? పొద్దస్తమానం ఆ గడియారంలోకి వంగే ఉంటావు!"

బావ మళ్లీ గడియారంలోకే వంగాడు. అక్క బేకరీలోకి వెళ్లిపోయింది. గోడకటువైపు పిండి పడుతున్న చప్పుడు మామూలుగా లేదు. ఆ రోజు రొట్టెలు భయపడి పొంగలేదు.

బజారు రోజు రానే వచ్చింది. మధ్యలో ఒక వేదిక, దాని మీద బల్ల, బల్లకి ఒకవైపు నల్ల పెట్టెల గోపురం, ఇంకోవైపు గులాబీ పెట్టెల గోపురం, గులాబీల కుండీ. ఏజెంటు మైకు పట్టుకుని గొంతు చించుకుంటున్నాడు. కండలాయన అప్పటికే లారీ డ్రైవరు చేతిని బల్లకి అతికించేశాడు. ఇంకెవరైనా ఉన్నారా అని ఏజెంటు అడగ్గానే అక్క మెట్లెక్కింది.

"అమ్మా, ఇది మగాళ్ల పోటీ. ఆడవాళ్లకి వేరే ఉంది. పువ్వు పట్టుకుని ఎవరు ఎక్కువసేపు నవ్వితే వాళ్లు గెలిచినట్టు."

"పోటీకి రాలేదు బాబూ. ఆ పెట్టె మీది పిడికిలి నాదని చెప్పడానికొచ్చా."

జనం ఒక్కసారిగా గొల్లున నవ్వారు. ఏజెంటు ఆవిడని గుర్తుపట్టాడు. అయినా వ్యాపారం వ్యాపారమే కదా. "ఎవరో తల్లి, ఎండ దెబ్బ తగిలినట్టుంది," అన్నాడు మైకులో.

లారీ డ్రైవరు నొప్పి చెయ్యి ఊదుకుంటూనే అందుకున్నాడు. "అక్కా! నల్లదాని మీదది నీ చెయ్యయితే, గులాబీదాని మీదది ఎవరిదే? బావదా?"

ఆ నవ్వుకి పావురాలు ఎగిరిపోయాయి. శెట్టిగారు పొట్ట పట్టుకుని కూర్చుండిపోయాడు.

అక్క జనంలోకి చూసింది. బావ దొరికాడు, ఒక స్తంభం వెనక. ఒక్క మాట అంటే చాలు, ఆవిడ పిడికిలి ఆవిడకి వచ్చేస్తుంది. కానీ ఒట్టు పెట్టింది కదా. నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది. ఇంత బలమైన మనిషి వేదిక మీద ఒంటరిగా, ఎండ దెబ్బ తగిలినదానిలా నిలబడిపోయింది.

బావ స్తంభం వెనక నిలబడి లెక్కలేసుకున్నాడు. ఇప్పుడు మెల్లగా జారుకుంటే, సాయంత్రానికి ఊరు మర్చిపోతుంది. అక్క మర్చిపోదు. మర్చిపోయినా, ఆ నోరు మూసుకోవడం తను మర్చిపోలేడు. పైగా రొట్టెలు మళ్లీ పొంగుతాయన్న నమ్మకం కూడా లేదు.

"నాదే," అన్నాడు.

ఎవరికీ వినబడలేదు. ఆయన గొంతు కూడా చేతిలాంటిదే. ఇంకోసారి అన్నాడు. పక్కవాడు, "ఏం పోయింది బావా, పర్సా?" అన్నాడు. ఇక లాభం లేదని జనాన్ని తోసుకుంటూ, అంటే తోసినట్టు నటిస్తూ, వేదికెక్కి, కుండీలోంచి ఒక గులాబీ తీసి, పెట్టె మీద ఎలా ఉందో అలాగే పట్టుకుని చెయ్యి పైకెత్తాడు.

నవ్వు మధ్యలోనే తెగిపోయింది. చిటికెనవేలు వణుకుతోంది.

"ఆ వణుకు!" అని ఒక కేక. సెలూన్ తమ్ముడు. వాడు కూర్చుందామని వెనక్కి వాలాడు గానీ, అక్కడ కుర్చీ లేదు. కిందపడి, పడినచోటి నుంచే అడిగాడు. "బావా... నువ్వా? నేను రోజూ రాత్రి కొట్టు కట్టేస్తూ ముద్దు పెట్టింది నీకా?"

"అందుకేరా, జుట్టు పెంచుకుంటున్నా," అన్నాడు బావ.

ఈసారి నవ్వు మొదలెట్టింది అక్క. ఆవిడ వెనక జనం. బావ చెవులు ఎర్రబడ్డాయి గానీ చెయ్యి దించలేదు. కండలాయన నల్ల పెట్టెకేసీ అక్క ముంజేతికేసీ చూసి, మచ్చ మచ్చా సరిపోల్చుకుని, ఏజెంటు చెవిలో మెల్లగా, "సార్, నేను ఇంటికెళ్లొచ్చా?" అన్నాడు.

"ఎక్కడికయ్యా? కూర్చో," అంది అక్క మోచెయ్యి బల్ల మీద పెడుతూ.

ఆ పోటీ చూశామని చెప్పేవాళ్లు అందరూ అబద్ధాలకోర్లు. కన్ను ఆర్పేలోపు అయిపోయింది, అందరూ కన్ను ఆర్పారు. తెరిచేసరికి బల్ల ఇటూ కండలాయన అటూ ఉన్నారు. రెండు గోపురాలూ కూలి, పెట్టెలు విచ్చుకుని, నల్ల పెట్టెల సబ్బులూ గులాబీ పెట్టెల సబ్బులూ ఒకదాని మీదొకటి దొర్లిపోయాయి. శెట్టిగారు ఒకటి తీసి వాసన చూశాడు. ఇంకోటి తీసి చూశాడు.

"ఏజెంటు బాబూ, ఇందులో మగదేది, ఆడదేది?"

ఏజెంటు మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కటే ఎండలో పెట్టి చూశాడు. నాకి కూడా చూశాడు. ఆఖరికి, "ఇంతకీ మీ ఇద్దరూ ఏది వాడతారండీ?" అని బావనీ అక్కనీ అడిగాడు.

"ఏది చవకైతే అది," అంది అక్క.

మర్నాడు బావ కొట్టు తెరిచి, కంటికి భూతద్దం తగిలించుకుని, ఎగతాళి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు. అది రానే వచ్చింది. బళ్లు తోసుకెళ్లేవాళ్లు, బడి పంతులు, పాలబ్బాయి, అందరిదీ ఒకటే పిలుపు.

"గులాబీ బావా!"

మొదటి పిలుపుకి బల్ల కిందికి జారిపోదామనుకున్నాడు. జారలేదు. రెండో పిలుపుకి తలెత్తాడు. మూడోదానికి, "ఏం తమ్ముడూ?" అన్నాడు. ఎవరూ ఏమీ అనలేకపోయారు, ఎందుకంటే వాళ్ల దగ్గర ఉన్నది ఆ ఒక్క మాటే. గోడకటువైపు కొత్త పిల్లలెవరో వచ్చి, అక్కా ఒక్కసారి పిడికిలి చూపించవా అని అడుగుతున్నారు. ఆవిడ పిండి చేత్తోనే చూపిస్తోంది.

మధ్యాహ్నం లారీ డ్రైవరు వచ్చాడు. చేతిలో గడియారం లేదు. గుమ్మంలో నిలబడి వీధి ఇటు చివరా అటు చివరా చూసి, లోపలికొచ్చి, స్టీరింగు పట్టీ పట్టీ కాయలు కాసి పగిలిన అరచేతులు బల్ల మీద పెట్టాడు.

"బావా, ఇవి కాస్త మెత్తబడాలంటే ఏం రాయాలి? మా పాపాయి ఎత్తుకుంటే గీసుకుంటున్నాయని ఏడుస్తోంది."

బావ భూతద్దం కంటికి పెట్టుకుని ఆ పగుళ్లు చాలాసేపు చూశాడు. ఇంతలో గుమ్మం ముందు నలుగురు ఆగారు. డ్రైవరు చటుక్కున చేతులు జేబుల్లో దాచేసుకున్నాడు.

"మళ్లీ వస్తాలే బావా, ఎవరూ లేనప్పుడు."

"ఎవరూ లేనప్పుడు నేను చెప్పను," అన్నాడు బావ, వీధంతా వినబడేంత గొంతుతో. "అందరూ ఉన్నారుగా, చేతులు పెట్టు."