తమ్ముడు మింగేసిన చరణం

మా ఇంట్లో పప్పు ఉడికేలోపు దేవుడి మీద తగువు మొదలయ్యేది. పరాయి దేశంలో, న్యూ లిన్ అనే పేటలో రైలు స్టేషన్ పక్కన రెండు గదుల అపార్ట్‌మెంట్. ఒక గదిలో నేనూ మా ఆయనా, రెండోదాంట్లో చదువుకోడానికి వచ్చి ఉద్యోగంలో కుదురుకున్న నా తమ్ముడు. మా ఆయన ఇక్కడి తెలుగు క్రైస్తవ సహవాసంలో సంఘపెద్ద. తమ్ముడు అక్కడ పాటలు ఎత్తుకునేవాడు. వాడు డోలక్ పట్టుకుంటే పిల్లలు కూడా ఫోన్లు పక్కన పెట్టేవాళ్లు.

పనినుంచి రైల్లో వస్తూ వాడు తొలినాటి సంఘ చరిత్ర చదవడం మొదలెట్టాడు. ఓ సాయంత్రం కంచం ముందు కూర్చుని, "కుమారుణ్ణి కూడా తండ్రి దేవుడే సృష్టించాడు బావా. సృష్టి అంతట్లో గొప్పవాడే, కానీ తండ్రితో సమానం కాదు" అన్నాడు.

మా ఆయన ముద్ద వదిలేశాడు. "ఎప్పుడో అలెగ్జాండ్రియాలో ఒకాయన ఇదే కూశాడు. నైకియా సభలో బిషప్పులందరూ కూర్చుని కాదని తేల్చేశారు. పూడ్చినదాన్ని నువ్వు మళ్లీ తవ్వకు."

"ఎక్కడ తేలింది బావా? ఆ తర్వాతా ఏళ్లతరబడి కొట్టుకున్నారు. రొట్టె కొనడానికి కొట్టుకి వెళితే, ముందు తండ్రి గొప్పా కుమారుడు గొప్పా చెప్పమనేవాళ్లంట!"

"వాళ్లకి రొట్టెలైనా దొరికాయి. ఇక్కడ నా పప్పు చల్లారిపోతోంది, తిని ఏడవండి" అన్నాను.

వాళ్లు నవ్వారు గానీ నాకు నవ్వు రాలేదు. వేరే బోధ పట్టుకొచ్చినవాణ్ణి ఇంట్లోకి రానివ్వద్దనీ, పలకరించనే వద్దనీ బైబిల్లో ఓ పత్రిక, అంటే సంఘానికి రాసిన ఉత్తరం, చెబుతుంది. మా వాళ్లలో పలకరింపంటే 'వందనాలు'. గుమ్మంలో అదే, ఫోన్లో అదే, కొట్టులో ఎదురుపడినా అదే. అది ఆపేశారంటే వెలేసినట్టే. ఈ దేశంలో నా పుట్టింటి మనిషి వాడొక్కడే. వాణ్ణి వెలేస్తే నేనేమైపోవాలి?

అందుకే నా బుర్రకో ఉపాయం తట్టింది. తమ్ముడికి ఇక్కడే ఉండిపోడానికి రెసిడెన్సీ వచ్చిందని ఇంట్లో కృతజ్ఞత కూటం పెట్టించాను. వాడి పాట విన్నాక వాణ్ణి ఎవరు కాదంటారు? ఊరికి అటు చివరున్న ఆల్బనీ నుంచి పాస్టర్ అంకుల్ కూడా వచ్చారు. బిర్యానీ దమ్ మీద పెట్టి నేనూ వచ్చి కూర్చున్నాను.

మా కూటాల్లో ఒకరు చరణం ఎత్తుకుంటే మిగతావాళ్లం అందుకుంటాం. వాడు కళ్లు మూసుకుని హాయిగా పాడుతున్నాడు. లోకాన్ని చేసినవాడే పశువుల తొట్టిలో పడుకున్నాడనే చరణం దగ్గర గొంతు ఆగింది. చేతులు మాత్రం డోలక్ వాయిస్తూనే ఉన్నాయి. వాడు ఎత్తుకోలేదు గనక మేమెవరం అందుకోలేదు. ఒట్టి డోలక్ మోత, అంతే.

"ఆ చరణం పాడు బాబూ" అన్నారు అంకుల్ మెల్లగా.

"పాడలేనంకుల్. నమ్మనిది దేవుడి ముందు ఎలా పాడను?"

ఎవరూ అరవలేదు. అరిచినా బాగుండేది, దులిపేసుకునేవాళ్లం. బిర్యానీ డబ్బాల్లో సర్దుకున్నారు. తమ్ముడు గుమ్మం దగ్గర చేతులు జోడించి నిలబడ్డాడు. "వందనాలంకుల్... వందనాలాంటీ..." ఒక్కరంటే ఒక్కరు పలకలేదు. వాణ్ణి దాటి నాకు మాత్రం "వందనాలమ్మా" చెప్పి దిగిపోయారు.

"ఏవండీ, మీరైనా పలకరించండి. వాడు మీ బావమరిది!" అన్నాను.

"గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చావు. వాక్యం అలా ఉంటే నన్నేం చేయమంటావ్?" అన్నాడు మా ఆయన. అంటూనే ఏడ్చాడు. ఏడుస్తూనే గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

తమ్ముడు ఎక్కడో దూరాన క్రైస్ట్‌చర్చ్‌లో పని చూసుకుని, అక్కడి రిక్కార్టన్ పేటకి మారిపోయాడు. ఇప్పుడు ఆ చరణం మా ఆయనే ఎత్తుకుంటాడు, శ్రుతి కలవదు. మొన్న క్రిస్మస్‌కి ఇంట్లో మాట్లాడలేక కార్లో కూర్చుని వాడికి ఫోన్ చేశాను.

"వందనాలు తమ్ముడూ."

"హలో చాలక్కా. ఇప్పుడు నాకు తండ్రీ లేడు, కుమారుడూ లేడు. అన్నీ వదిలేశాను. హాయిగా ఉంది."

హాయిగా ఉన్నవాడి గొంతు కాదది. సమానం కాదని వాదించిన రోజుల్లో కూడా, పొద్దస్తమానం వాడి నోట్లో ఆ కుమారుడి పేరే ఉండేది. నేను "హలో" అన్నాను.